మందు పట్టువరకు

రావులపాలెము మార్కెట్టులో పచ్చి అరటిగెల కొన్నవారు అది మర్నాడే పండవలెనని పట్టుబట్టరు. ఆందోళన వ్యాధికి తొలిసారి మాత్ర మొదలుపెట్టినవారి యెడల మనకును అట్టి ఓర్పే కావలెను.

అది కుంగుబాటు మందు గదా యని బెదరనక్కరలేదు. సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రామ్ వంటివి ఆందోళనకును వాడుదురు. మొదటి దినములలో వికారము, నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు దడ హెచ్చుటయు కలదు. అవి తరచు రెండు వారములలో తగ్గును. గుణము తెలియుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. ఈ నడిమికాలముననే “ఆ పిచ్చిమందు మానివేయుము” అని ఇంటివారు తొందరపెట్టుట మేము వినుచున్నాము. తమంతట మానరాదు. చావు తలంపు కలిగినను, కలవరము మితిమీరినను వెంటనే వైద్యునికి చెప్పవలెను. 2022 నుండి నడచుచున్న ఉచిత టెలీ మానస్ సంఖ్య 14416 రేయింబవళ్లు పలుకును.

రక్తపుపోటు మాత్రను వేళకు అందించునట్లే దీనినిగూడ అందింపుడని ఇంటివారికి మా మనవి.