గల్ఫ్ ఓనర్ సెడాన్: మీటర్ తక్కువ, రిపేర్ ఎక్కువ?

ఈరోజు సెకండ్ హ్యాండ్ సెడాన్ గురించి మాట్లాడుకుందాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సైడ్ మీకు బాగా వినబడే మాట ఒకటుంది: "2015 వెర్నా డీజిల్ తమ్మీ, 30 వేలే తిరిగింది, ఓనర్ దుబాయ్‌ల ఉంటడు, బండి ఇంట్లనే ఉన్నది." వినగానే మనోళ్లు అడ్వాన్స్ ఇచ్చేస్తరు. కొంతమందికైతే ఆ పైసలు కూడా అన్ననో, బావనో గల్ఫ్ నుంచి పంపినవే. అందుకే కొంచెం ఆగి వినండి.

మీటర్ తక్కువుంటే బండి బాగున్నట్టు కాదు. ఓనర్ రెండేళ్లకోసారి సెలవు మీద వస్తడు, రెండు నెలలు తిప్పుతడు, పోతడు. మిగతా టైమంతా కవర్ కింద ఉంటది. వారానికోసారి ఇంట్లో ఎవరో ఒకరు స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తరు. నా దృష్టిలో బండికి ఎక్కువ నష్టం చేసేది ఈ ఐదు నిమిషాలే. స్టార్ట్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి పోయిన పవర్ తిరిగి ఎక్కదు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, మసి పోయి ఈజీఆర్ వాల్వ్‌లో పేరుకుంటది. వెర్నా 1.6 డీజిల్‌లో ఉండేది వీజీటీ టర్బో. అంటే లోపల చిన్న చిన్న రెక్కలు కదులుతుంటయి. వాటికి మసి పట్టిందంటే ఇరుక్కుపోతయి, హైవే మీద ఓవర్‌టేక్ చేద్దామంటే బండి లాగదు.

ఖర్చు చూద్దాం. నేను చెప్పేవి బయటి గ్యారేజీ లెక్కలు, అటు ఇటుగా ఉంటయి, షోరూంలో ఇంకా ఎక్కువ. ఈజీఆర్ క్లీనింగ్ 2 నుంచి 4 వేలు. టర్బో రీకండిషన్ చేయిస్తే 15 నుంచి 20 వేలు, కొత్తది వేయిస్తే దానికి రెట్టింపు దాటుతుంది. ట్యాంకులో తేమ చేరి ఇంజెక్టర్లు పాడైతే ఒక్కోటి బాగు చేయడానికి 5 నుంచి 8 వేలు, అవి నాలుగు ఉంటయి! బ్యాటరీ 6 వేలు. ఏసీ వాడకపోతే సీళ్లు ఎండిపోయి గ్యాస్ లీకవుతుంది. కంప్రెసర్ దాకా వచ్చిందంటే 20 వేలు పక్కన పెట్టుకోవాల్సిందే.

ఎలుకల సంగతి మర్చిపోవద్దు. ఇంటి పక్కన వడ్ల బస్తాలు, బండి కదలదు, ఇంజిన్ వెచ్చగా ఉంటది. ఇంకేం కావాలి వాటికి? ఒకటి రెండు వైర్లయితే వెయ్యి, రెండు వేలతో పోతుంది. వైరింగ్ మొత్తం మార్చాలంటే పదివేలు దాటుతుంది. బానెట్ ఎత్తి ఫోన్ టార్చ్ కొట్టి చూడండి, టేపు చుట్టిన కొత్త అతుకులు కనబడితే అడగండి.

దీనికి పూర్తి ఆపోజిట్ ఎయిర్‌పోర్ట్ బండి. జగిత్యాల నుంచి శంషాబాద్‌కు పోనురాను 400 కిలోమీటర్ల పైమాటే. లక్షన్నర తిరిగి ఉంటది. కానీ ఇంజిన్ రోజూ వేడెక్కింది, ఆయిల్ టైముకు మారిందంటే లోపల శుభ్రంగానే ఉంటది. అరిగేది క్లచ్, సస్పెన్షన్. క్లచ్ సెట్ లేబర్‌తో 12 నుంచి 20 వేలు. ముందు షాక్‌లు జత 7 నుంచి 10 వేలు. సర్వీస్ రికార్డు పక్కాగా ఉంటే, నిలబడ్డ బండి కంటే నేను దీన్నే తీసుకోమంటా. చాలామంది ఒప్పుకోరు, తెలుసు.

క్లచ్ చూడటం ఈజీ. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 స్పీడుకు వచ్చి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఆర్పీఎం లేస్తుంది, స్పీడు లేవట్లేదు అంటే క్లచ్ అయిపోయినట్టే. సస్పెన్షన్‌కు నున్నటి హైవే పనికిరాదు, ఊరి లోపల స్పీడ్ బ్రేకర్ల మీద, గుంతల్లో పాటలు బంద్ చేసి మెల్లగా తోలండి. టక్ టక్ వినబడితే లింక్ రాడ్లో, లోయర్ ఆర్మో. లింక్ రాడ్ వెయ్యితో పోతది, ఆర్మ్ ఒక్కోటి 3, 4 వేలు.

మిగతా మోడళ్లు తొందరగా చెప్తా. సియాజ్ డీజిల్ ఎక్కువ మోడళ్లలో ఉన్నది స్విఫ్ట్, డిజైర్‌లో వచ్చిన 1248 సీసీ ఇంజినే. మారుతి 2020లో డీజిల్ ఆపేసినా పార్టులకు ఇబ్బంది లేదు, ఏ మెకానిక్‌కైనా చేయి తిరిగిన ఇంజిన్. హోండా సిటీ కిందికి ఉంటది, స్పీడ్ బ్రేకర్లకు అడుగు తాకిందేమో లిఫ్ట్ మీద ఎక్కించి చూడండి. పాత సిటీలకు టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంది. చాసిస్ నంబర్ హోండా వెబ్‌సైట్‌లో కొడితే తెలుస్తుంది, మీరు మూడో ఓనరైనా ఫ్రీగా మారుస్తరు. వెంటో డీజిల్‌కు టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. తెగిందంటే ఇంజిన్ విప్పాల్సిందే. డీఎస్‌జీ ఆటోమేటిక్‌లో మెకాట్రానిక్ పోతే లక్ష దాటుతుంది. నాలుగు లక్షల బండికి లక్ష గేర్‌బాక్స్, మీరే ఆలోచించండి.

మరి 30 వేలు నిజమేనా? టైరు మీద నాలుగు అంకెలుంటయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. 2015 బండికి 2021 టైర్లు ఉన్నాయంటే పాతబడి మార్చి ఉండొచ్చు, తిరిగి అరిగి మార్చి ఉండొచ్చు. పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉందా, స్టీరింగ్ తోలు మెరుస్తుందా చూడండి. 30 వేలకు అట్ల అరగవు. ఆ తర్వాత బండి నంబర్‌తో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ తీయించండి. ఓనర్‌తోనే అడిగిస్తే ఇంకా ఈజీ.

ఇంకో మాట, ఓనర్ గల్ఫ్‌లో ఉంటే ఫారం 29, 30 మీద సంతకం ఎవరు పెడతరు? "వచ్చినంక పెడతడు" అంటే, మిగతా పైసలు కూడా వచ్చినంకనే ఇస్తా అనండి.

నాలుగు లక్షలు చేతిలో ఉంటే మూడు లక్షల ముప్పై వేల బండి చూడండి. ఆ 70 వేలు మొదటి ఏడాది టైర్లకు, క్లచ్‌కు, ఏసీకి. బేరం మొదలుపెట్టే ముందు మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోండి, 500, వెయ్యి తీసుకుంటడు. అమ్మేటోళ్లు మెకానిక్‌కు చూపించనీయం అన్నరంటే అక్కడినుంచి వచ్చేయండి. ఉంటా మరి, నమస్తే.