గాలెంత కొట్టించారు?

కరపత్రంలో నా ప్రసంగానికి ‘స్పోర్ట్స్ కార్ల వేగ రహస్యాలు’ అని పేరు పెట్టారు. రహస్యాలేమీ లేవండి. ముప్పై ఏళ్ళు టైర్ల పరీక్షల్లో రబ్బరు వాసన పీల్చిన మనిషిని నేను. ఇవాళ ఏలూరు వచ్చింది ఒక్క అబద్ధానికి పిండం పెట్టి పోదామని. టైరు ఎంత వెడల్పైతే బండి అంత వేగం అంటారే, అది. లోపలికొస్తుంటే స్టాండులో చూశాను, రోడ్డు రోలరుకు పెట్టాల్సిన టైరు మోటారుసైకిలు వెనక తగిలించారు. ఎవరిదో అడగను. ముందు వరసలో ఎవరో తల దించుకున్నారు, చాలు.

మా మేనల్లుడి కథతో మొదలుపెడతాను. ఇంట్లో ఈ కథ ఎత్తితే మా ఆవిడ లేచి వెళ్ళిపోతుంది. మీకా అవకాశం లేదు.

వాడు చిన్న కారు కొన్నాడు. వచ్చిన 175 మిల్లీమీటర్ల టైర్లు తీసేసి 205వి వేయించి, అలాయ్ వీల్స్ పెట్టించి మా ఇంటి ముందు ఆపాడు. “మావయ్యా, ఇప్పుడు రోడ్డు మీద ఎంత రబ్బరుందో చూడు!” అన్నాడు. “చూద్దాం పదరా” అన్నాను. జాకీ ఎత్తించాను. టైరుకి స్టాంపు ప్యాడు సిరా పూసి, కింద గ్రాఫు కాగితం పరిచి, మెల్లగా దించాను. మళ్ళీ ఎత్తి కాగితం లాగాను. వాడి పాత టైరు కూడా బిగించి అదే పని చేశాను. రెండింట్లోనూ గాలి 30కి సరిచేశాను. ఆ కాగితాలే ఇవి. వెనకవాళ్ళకి కనిపిస్తున్నాయా? కాస్త ఎత్తి పట్టుకో నాయనా.

ఈ సన్నదాని అచ్చు 13 సెంటీమీటర్ల వెడల్పు, 11 పొడవు. వెడల్పుదానిది పదిహేనున్నర వెడల్పు, 9 పొడవు. హెచ్చవేసుకోండి. అదీ 140కి అటూ ఇటే, ఇదీ అంతే. వేళ్ళతో సహా మీ అరచెయ్యంత. మావాడు కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు, మోసమేదో జరిగిందని. ఇందులో మోసమేముంది? ఆ చక్రం మీద పడే బరువు 300 కిలోలు. గాలి 30 అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2.1 కిలోలు మోస్తుంది. 300ని మోయడానికి ఎంత జాగా కావాలో అంతే నేలకి ఆనుతుంది. టైరు గోడల బిగువు వల్ల కాస్త హెచ్చుతగ్గులుంటాయి గానీ, జాగాని తేల్చేది బరువూ గాలీ. వెడల్పు మార్చింది ఆకారాన్ని. అందుకే ఎవరైనా టైర్ల గురించి గొప్పలు చెబితే నేను అడిగేది ఒక్కటే: గాలెంత కొట్టించారు?

ఇక్కడ సైన్సు మాస్టార్లు నవ్వుకుంటున్నారు. సి.ఆర్.రెడ్డి కాలేజీలో చదివినవాళ్ళు ఈ హాల్లో సగంమంది ఉంటారు. ఘర్షణకీ వైశాల్యానికీ సంబంధం లేదని 1699లో అమోంటన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు కదా అని వాళ్ళ ధైర్యం. మాస్టారూ, నవ్వు ఆపండి. ఆ సూత్రం చెక్కకీ ఇనుముకీ. రబ్బరు కంకర పళ్ళ మధ్యకి దిగి పట్టుకుంటుంది. బరువు రెట్టింపు చేస్తే దాని గ్రిప్పు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. నొక్కుడు తగ్గేకొద్దీ కిలోకింత అని చూస్తే గ్రిప్పు పెరుగుతుంది. వెడల్పు పనికొచ్చేది ఇక్కడే. వెడల్పు టైరులో గాలి పరిమాణం ఎక్కువ. కాబట్టి అదే బరువుని తక్కువ ప్రెషరుతో మోయగలదు. అప్పుడు నిజంగానే ఎక్కువ రబ్బరు నేలకి ఆనుతుంది. పైగా వేడి ఎక్కువ రబ్బరుకి పంచబడుతుంది కనక మెత్తని రబ్బరు వాడినా తొందరగా అరిగిపోదు. రేసు కారు మలుపులో కరుచుకుని పోయేది ఆ మెత్తదనంతో. మావాడేమో వెడల్పు టైరు వేసి, గట్టి రబ్బరు కొని, గాలి 36 కొట్టించాడు. పంచభక్ష్య పరమాన్నాలు వండించి ఉపవాసం ఉన్నట్టు.

మీ డోరు పక్కనున్న స్టిక్కరు కంటే గాలి తగ్గించమని నేను చెప్పానని మాత్రం రేపు ఎవరితోనూ అనకండి. ఆ లెక్క కంపెనీవాళ్ళు చూసుకున్నారు.

దమ్ము చేసే ట్రాక్టరుకి కేజీ వీల్స్ పెడతాం కదండీ, అది వెడల్పు కాదా అంటారు. వెడల్పే. అక్కడి గొడవ బురదలో కూరుకుపోకుండా బరువు పంచడం, రేకులతో మట్టిని తొయ్యడం. కొల్లేటి నల్లబురదలో పనికొచ్చిందని దాన్ని తారురోడ్డు ఎక్కిస్తే ఏమవుతుందో పంచాయతీవాళ్ళనడగండి.

ఇక వేగం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఒక చుట్టు 2.83 కిలోమీటర్లు, గెలిచిన డ్రైవరు వెర్న్. నేనూ చూశాను. పక్కన కూర్చున్న కుర్రాడు పెదవి విరిచాడు: “ఏంటంకుల్, గాడులున్న టైర్లా? మా నాన్న కారుకి ఉన్నట్టున్నాయి!” ఉంటాయి బాబూ. ఆ రేసులో ఎండకీ వానకీ ఒకటే టైరు. బ్యాటరీ మిగుల్చుకోవాలి, రబ్బరు చాలాసేపు మన్నాలి. అందుకని గట్టి రబ్బరు. దాంతో గ్రిప్పు తక్కువ. ఆ రోజు ఒకే జట్టు కార్లు రెండు హెయిర్‌పిన్ మలుపులో ఢీకొన్నాయి. ఆ కుర్రాడు లేచి నిలబడి కేకలు పెట్టాడు. టైర్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఫార్ములా వన్ చూడండి. 2017లో వెనక టైరు 325 నించి 405 మిల్లీమీటర్లకి పెంచారు, రెక్కలూ పెంచారు. బార్సిలోనాలో క్వాలిఫయింగులో అందరికంటే ముందు నిలిచిన కారు చుట్టు అంతకుముందు ఏడాదికన్నా రెండు సెకన్లకి పైగా తగ్గింది. తగ్గింది మలుపుల్లో. సూటిదారిలో కార్లు వెనకబడ్డాయి, ఎందుకంటే అంత టైరూ అంత రెక్కా గాలికి అడ్డం. 2026కి వాళ్ళే మళ్ళీ వెనకది 375కి తెచ్చారు. బుగాటి వేరాన్ వెనక టైరు 365, అది గంటకి 400 దాటింది కదా అంటారు. దాటించింది 1001 గుర్రాల ఇంజను. ఆ బలం చక్రాలు ఉత్తినే తిరగడంలో వృథా పోకుండా రోడ్డుకి చేర్చడానికి వెడల్పు. టయోటా 86 అనే స్పోర్ట్స్ కారుకి 2012లో 215 టైర్లే ఇచ్చారు, బండి కాస్త జారితే నడిపేవాడికి సరదా అని.

టైము అయిందంటున్నారు. వాన గురించి గబగబా. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలపు రన్‌వే ఉంది, తెలుసుగా? అలాంటి రన్‌వేల మీద నీళ్ళు నిలిస్తే టైరు తేలిపోయే లెక్క కట్టింది విమానాలవాళ్ళే. గాలి 32 ఉంటే లోతు నీళ్ళలో గంటకి 94 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. 24 ఉంటే 82కే. టైరు వెడల్పు పెరిగితే నీరు పక్కకి పోవాల్సిన దూరం పెరుగుతుంది, గాడులు అరిగితే ఇంకా ముందే. ఐసు నీళ్ళు కారుస్తూ పోయే చేపల లారీల వెనక మీరు తోలేదేమో నున్నబడ్డ వెడల్పు టైర్లతో. మోటారుసైకిలు సంగతి ఒక్క ముక్క: టైరు వెడల్పైతే అదే మలుపుకి బండిని ఇంకా ఎక్కువ వాల్చాలి. తెలిసిందా, ముందు వరసా?

ఏమిటీ, చీటీ? నైట్రోజనా? మామూలు గాల్లోనే నూటికి 78 పాళ్ళు అది ఉందండీ, మిగతా 22కి డబ్బు కడుతున్నారు. కారులో నా గేజి ఉంది. స్టాండు దగ్గరికి రండి, ఆ రోడ్డు రోలరు బండితో మొదలుపెడదాం.