కల్పిత యంత్రముల తొలి సంస్కారము

తాడేపల్లి రైతు చేతిఫోనులో గుంటూరు యార్డు మిరపధర చూచునపుడు, ఆ లెక్క ఎచ్చటనో యున్న కంప్యూటర్ల శాలనుండి వచ్చును. అట్టి శాలలను అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున వాడుకకు దెచ్చినది.

అచ్చట ఒక్క కంప్యూటరులోనే పెక్కు కల్పిత యంత్రములు, ఒక లోగిలిలోని వాటాలవలె, వేర్వేరుగా పనిచేయును. వీనినే వర్చువల్ మెషీన్లందురు. ఒకే అచ్చున పోసిన వీనికి పేరు, తాళము, పనిముట్లు విడివిడిగా నొసగవలయును. మనుష్యుడు ఒక్కొక్కదానికడ గూర్చుండి చేసినచో, నూరింట నొకటి మఱచుట సహజము. ఇందులకై ‘క్లౌడ్-ఇనిట్’ అను ఉపకరణము కలదు. యంత్రము తొలిసారి మేల్కొనగనే, ఇది యజమాని వ్రాసిన ఆజ్ఞాపత్రమును జదివి, పేరుపెట్టి, అర్హులకు మాత్రమే ప్రవేశ మేర్పఱచి, కావలసిన సామగ్రిని దెచ్చి యమర్చును. మఱునాడు యంత్రము మరల మేల్కొన్నను ఈ తొలి సంస్కారము మరల జరుగదు.

మేలెంతయో అపాయమును అంతయే. నారుమడిలో తెగులున్న చేలన్నిటికిని ప్రాకునట్లు, పత్రములోని యొక్క తప్పు నూరు యంత్రములందును మొలచును. అచ్చులో పాత తాళము మిగిలిన, ఇండ్లన్నిటికి నొకే తాళమగును. పత్రమున రహస్యపదములు వ్రాసిన, ఆ యంత్రమున జొరబడినవాడు వానిని జదువగలడు.

మన పేర్లును లెక్కలును ఇట్టి యంత్రములలో చేరుచున్నవి. కావున పత్రమును ఇరువురు చదువవలయును. ఒక్క యంత్రమున పరీక్షించి, పిదపనే నూటికిని పంపవలయును. ఇట్లు జరిగినదా యని అడుగుట మన హక్కు.