రంగు ఒక్కటే చాలదు

రేడియోలో రంగుల గురించి ప్రసంగమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేటి విషయం కూడా అదే: రంగు కనబడకపోయినా సంగతి అందాలి.

హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి, బెంగళూరు మెజిస్టిక్‌లో దిగి, సరుకుకోసం పేటల్లోకి నడిచేవారు మీలో ఉన్నారు. ఆ దగ్గరే కాటన్‌పేట. కన్నడలో అరళెపేటె, అరళె అంటే దూది. అక్కడ ఒక అంగడాయన ఫోనులో సరుకు చూపించడానికి యాప్ చేయించాడనుకోండి. సరుకుంటే ఆకుపచ్చ చుక్క, అయిపోతే ఎర్రచుక్క. చూడ్డానికి ముచ్చటే. కాని మీ కంటికి ఆ రెండూ ఒకే మట్టిరంగుగా కనిపిస్తే? లేని సరుకుకోసం బస్సెక్కుతారు. చార్జీ పోయె, ఒకరోజు వ్యాపారమూ పోయె!

దీన్ని వర్ణాంధత అంటారు. లోకమంతా నలుపు తెలుపుగా కనిపించడం బహు అరుదు. ఎక్కువమందికి ఎరుపు, ఆకుపచ్చల దగ్గరే తికమక. దీనికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగవారికి అది ఒక్కటే కాబట్టి వారిలోనే ఎక్కువ. ఐరోపా సంతతి మగవారిలో సుమారు 12 మందిలో ఒకరికి ఉంటుంది. ఆకుకు మట్టిరంగు వేసిన పిల్లవాణ్ణి కోప్పడేముందు ఒక్కసారి ఆలోచించమని తోటి ఉపాధ్యాయులకు మనవి.

తినుబండారాల పొట్లాలు చూడండి. శాకాహారానికి చదరంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేవి. ఆకారం ఒకటే! 2020 నాటి ఆహార లేబుళ్ల నిబంధనలు మాంసాహారపు చుక్కను త్రిభుజం చేశాయి. మాంసం ముట్టనివారికి ఇది చిన్న మార్పు కాదు.

మన అంగడాయన కూడా అంతే చేయాలి. చుక్క పక్కన 'ఉంది', 'లేదు' అని రాయించాలి; కన్నడంవారికి 'ఇదె', 'ఇల్ల'. రంగులే కావాలంటే ముదురు నీలం, లేత నారింజ మేలు.

ఇక అక్షరాలు. తెల్లటి తెరపై పసుపు అక్షరాలు మంచి చూపున్నవారికే కనబడవు; కంటిలో శుక్లమున్న పెద్దవారి మాట చెప్పాలా? వెబ్ ప్రమాణాల సంస్థ 2008లో దీనికొక కొలత పెట్టింది. మామూలు అక్షరానికీ వెనుక రంగుకూ వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. తెలుపుపై నలుపుకు అది 21. తెలుపుపై పసుపుకు ఒకటి దాటితే గొప్ప.

యాప్ చేసినవారికి డబ్బిచ్చేముందు ఫోను సెట్టింగుల్లో తెరను నలుపు తెలుపు చేసి, ఎండలో నిలబడి చూడండి. ఏ సరుకుందో, ఏది లేదో చెప్పలేకపోతే యాప్ వెనక్కి పంపండి. సెలవు.