జూదశాల బిళ్ల చెప్పిన సాక్ష్యము



ఈ దినమున నేను మాటలాడబూనిన విషయమును వినినంతనే పెద్దలలో కొందఱు నొసలు చిట్లింతురేమో. అమెరికాదేశపు జూదశాలలలో డబ్బునకు బదులుగా పందె మొడ్డెడు గుండ్రని బిళ్లలను గూర్చియు, వానిని సేకరించువారు వాని పుట్టుపూర్వోత్తరములను తెలిసికొను విధమును గూర్చియు చెప్పదలచితిని. జూదము ధర్మరాజంతటివానిని అడవులపాలు చేసిన వ్యసనము. దానిని పొగడుటకు నేను రాలేదు. ఒక చిన్న బిళ్ల మా యింట నొక పెద్ద ప్రశ్న పుట్టించినది. దానికి సమాధానము వెదకుచు నేను నేర్చుకొనిన దానిని మీకు నివేదించుటకే వచ్చితిని.

మా అన్నగారు 1978లో ఇంజనీరు పనిమీద ఒంటరిగా అమెరికాకు పోయి, పండ్రెండేండ్లు అచ్చట నుండి, 1990లో స్వగ్రామమునకు తిరిగివచ్చిరి. ఆయన గతించిన పిమ్మట ట్రంకుపెట్టె తెరచి చూడగా, పాత కళ్లజోడు ఒరలో ఒక బిళ్ల కనబడినది. వెడల్పు ఒకటిన్నర అంగుళము. బరువు తులమునకు కొంచెము తక్కువ. నడుమ 'ఎల్ రాంచో' అనియు, దాని క్రింద 'లాస్ వేగాస్' అనియు, ఒక డాలరు అనియు వ్రాసియున్నది. వదినగారు దానిని చాలసేపు అరచేత నుంచుకొని, "నాయనా, మీ అన్నగారు అచ్చట జూదమాడిరా?" అని మెల్లగా అడిగిరి. నాకు ఏమి చెప్పుటకును తోచలేదు.

ముందుగా ఈ బిళ్ల యన నేమో చెప్పెదను. ఆంగ్లమున దీనిని చిప్ అందురు. జూదశాలకు పోయినవాడు డబ్బిచ్చి బిళ్లలు పుచ్చుకొనును. లేచి పోవునపుడు బిళ్లలిచ్చి డబ్బు పుచ్చుకొనును. కావున నిది ఆ యింటివారు వ్రాసియిచ్చిన ప్రాంసరీ నోటువంటిది. నోటునకు దొంగసంతకపు భయ మెట్లో, దీనికి దొంగబిళ్ల భయ మట్లు. వెనుకటి కాలమున ఎముకతోను, దంతముతోను బిళ్లలు చేసి చేతితో చెక్కెడివారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున మన్నును లక్కయు కలిపి అచ్చుపోయు పద్ధతి వ్యాపించినది. ఆ లక్కలో చాల భాగము మన దేశపు అడవులనుండియే ఓడల మీద పోయెడిది. ఇట్టి బిళ్లలు చవుకగా అంగళ్లలో దొరకుటచేత, మోసగాడు పది బిళ్లలు కొని జేబులో వేసికొని వచ్చి, గెలిచితి నని డబ్బడుగవచ్చును. అందువలన జూదశాలల యజమానులు తమ బిళ్లలపై పేరును పొడియక్షరములును ముద్రింపించిరి. అంచున వేఱు వేఱు రంగుల ముక్కలు పొదిగించిరి. చేయు కంపెనీలు బిళ్ల చుట్టును తమకే చెందిన యొక చిత్రమును అచ్చులో దింపినవి. దొంగలను పట్టుటకు పెట్టిన ఈ గుర్తులే నేడు సేకరించువానికి సాక్షులు.

అయితే నేను మొదట సాక్షులను విచారింపలేదు. తొందరపడితిని. లాస్ వేగాస్ నగరము నెవాడా రాష్ట్రములో నున్నది. ఆ రాష్ట్రము 1931లో జూదమును చట్టసమ్మతము చేసినది. తరువాత 1941లో నగరపు పొలిమేర దాటి రాజమార్గము ప్రక్కన ఎల్ రాంచో వేగాస్ అను వసతిగృహమును జూదశాలను తెరచిరి. నేడు ప్రపంచమంతట పేరుపొందిన ఆ వీధిలో మొదటి పెద్ద జూదశాల అదియే. 1960 జూన్ నెలలో అది అగ్నికి ఆహుతియైనది. ఈ సంగతి చదివినంతనే నాకు ఆశ పుట్టినది. కాలిపోయిన ఇంటి బిళ్ల మన చేత నున్నది గదా, దీని వెల ఎంత యుండునో యని వదినగారితో చెప్పితిని. ఆమె ఇంటి దూలములు పుచ్చి రెండేండ్లయినది. ఆమె ముఖమున కొంచెము వెలుగు వచ్చుట చూచితిని. విచారణకు ముందు పలికిన ఆ మాటకు నేటికిని సిగ్గుపడుచున్నాను.

మా మేనల్లు డొకడు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. వానికి బిళ్ల ఛాయాచిత్రములు పంపితిని. వాడు ఈ బిళ్లలు సేకరించువారిని విచారించి, మొదట అడిగిన ప్రశ్న వెలను గూర్చి కాదు. "మామయ్యా, అంచు చుట్టు ఏమి బొమ్మ యున్నది?" అని యడిగినాడు. భూతద్దముతో చూడగా, పొడుగు టోపీయు చేతికఱ్ఱయు వరుసగా ముద్రింపబడి యున్నవి. అది పాల్‌సన్ అను కంపెనీవారి గుర్తు. ఆ కంపెనీ 1963లో స్థాపింపబడినది. ఎల్ రాంచో వేగాస్ 1960లోనే కాలిపోయినది. కాలిపోయిన ఇంటికి, మూడేండ్ల తరువాత పుట్టిన కంపెనీ బిళ్లలు చేసియిచ్చుట ఎట్లు?

అయ్యలారా, ఈ తర్కము మీకు క్రొత్త కాదు. భూమి తగవులలో పాత దస్తావేజు నెవడైన తెచ్చినపుడు మీరు మొదట చూచున దేమి? లోపలి వ్రాతను చూడరు. స్టాంపు కాగిత మెప్పటిదో చూతురు. దస్తావేజు తేదీకి తరువాత అచ్చయిన కాగితమైనచో, అందలి సంతకము లెంత ముచ్చటగా నున్నను నమ్మరు. బిళ్లకు అచ్చుగుర్తు స్టాంపు కాగితము వంటిది.

అట్లయిన మా బిళ్ల దొంగబిళ్లయా? కాదు. 1948లో థండర్‌బర్డ్ అను పేర ఆ వీధిలోనే వేఱొక జూదశాల వెలసినది. అది చేతులును పేర్లును మారి 1982లో 'ఎల్ రాంచో' అను పేరు దాల్చినది, 1992లో మూతపడినది, 2000లో దానిని కూల్చివైచిరి. మొదటి దాని పేరు ఎల్ రాంచో వేగాస్. రెండవదాని పేరు ఎల్ రాంచో మాత్రమే. బిళ్లమీద పేరొకటియు ఊరొకటియు వేఱుగా నుండగా, నా యాశ ఆ రెంటిని కలిపి చదివినది. ఒకే పేరుగల ఇద్దఱు సుబ్బయ్యల ఆస్తి తగవు ఎట్టిదో ఇదియు నట్టిదే. కాబట్టి మా బిళ్ల 1982నకు పూర్వపుది కాదు. అన్నగారు తిరిగివచ్చిన 1990నకు తరువాతిదియు కాదు. దానికి గొప్ప వెల లేదు.

ఆశ పోయినది గాని, ఆసక్తి మిగిలినది. క్రొత్తగా సేకరింపబూనువానికి పనికివచ్చు నాలుగు మాటలు అప్పుడు నేర్చుకొంటిని. మొదటిది: కొనుటకు ముందు చదువవలెను. 'ది చిప్ ర్యాక్' అను పట్టిక నెవాడా జూదశాలల బిళ్లలకు ముఖ్యాధారము. 1988లో ఏర్పడిన సేకర్తల సంఘ మొకటి పత్రికను నడపుచు, జ్ఞానమును పంచుచు వచ్చినది. అన్ని బిళ్లలను ప్రోగుచేయబూనినవాడు దేనిని నెఱుగడు. ఒక ఊరినో, ఒక ఇంటినో, ఒక కంపెనీ అచ్చునో పట్టుకొనినవాడు కొలదికాలములో దాని లోతు చూడగలడు.

రెండవది: ఇంటి కథతోపాటు, చేసినవాని లెక్కలను చూడవలెను. చికాగోలోని మేసన్ కంపెనీ, లాస్ ఏంజెలెస్‌లోని టి. ఆర్. కింగ్ కంపెనీ మొదలగువాని పాత ఆర్డరు పత్రములు కొన్ని సేకర్తలకు దొరకినవి. కొన్ని బిళ్లలపై పేరుండదు. రెండు మూడు పొడియక్షరములు మాత్రమే యుండును. చట్టమునకు చాటుగా నడచిన ఆటగృహములవి చాల ఇట్టివి. బిళ్ల మీద దాచిన పేరు ఆర్డరు పత్రమున దాగదు. సరకు ఎవరికి ఏ ఊరికి పంపవలెనో కరణము లెక్కవలె అందు వ్రాసియుండును.

మూడవది: ఎన్నడును ఏ బల్లమీదను ఆడని కల్పిత బిళ్లలు గలవు. ప్రసిద్ధమైన పాత ఇంటి పేరు పెట్టి నేడు చేసి అమ్ముదురు. అలంకారమునకని చెప్పి యమ్మిన దోషము లేదు; ప్రాచీనమని చెప్పి యమ్మిన మోసము. నాలుగవది: పాత బిళ్లను తోమి మెఱపింపరాదు. మురికి పోయినను పోకున్నను, అక్షరముల మీది బంగారు వన్నె పోవును.

ఇంత శ్రమకు ఫలమేమని మీరడుగవచ్చును. మూలా రూజ్ అను జూదశాల కథ చెప్పెదను. 1955 నాటికి లాస్ వేగాస్ పెద్ద వీధిలోని జూదశాలలు నల్లజాతి గాయకులచేత పాడించుకొనియు, వారిని తమ గదులలో పండుకొననిచ్చెడివి కావు. ఆ యేడు మే నెలలో నగరపు పడమటి భాగమున తెరచిన మూలా రూజ్, తెల్లవారిని నల్లవారిని ఒకే బల్లయొద్ద కూర్చుండనిచ్చిన ఆ నగరపు మొదటి వసతిగృహ జూదశాల. కొలదినెలలకే, ఆ సంవత్సరముననే, అది మూతపడినది. అయినను 1960 మార్చి నెలలో, పెద్ద వీధిలో జాతిభేదమును మానుటకు అంగీకారము కుదిరిన సమావేశము ఆ భవనముననే జరిగినది. ఆ యింటి బిళ్ల నిజమైనదైనచో, అది జూదమునకు గుర్తు కాదు; మనుష్యులు సమానముగా కూర్చుండిన కొన్ని నెలలకు గుర్తు. అందుచేతనే నిజమును కల్పితమును వేఱుచేయవలెను.

తుదకు వదినగారి యొద్దకు పోయి జరిగిన తప్పు ఒప్పుకొంటిని. దూలములకు ఈ బిళ్ల పనికిరాదని చెప్పితిని. ఆమె దానిని గూర్చి మాటయైన ఆడక, మొదటి ప్రశ్ననే మరల చూపులతో అడిగిరి. అప్పుడు నేను, "వదినగారూ, ఈ బిళ్ల తాను ఏ ఇంటిదో చెప్పినది, ఏ కాలపుదో చెప్పినది. ఎవరి చేత ఆడెనో చెప్పుటకు దానికి నోరు లేదు. యాత్రికులు పలువురు డాలరు బిళ్ల నొకటి జ్ఞాపకార్థము తెచ్చుకొందురు. అన్నగారును అట్లు తెచ్చుకొనవచ్చును. ఒక సాయంత్రము ఆడియు నుండవచ్చును. లేని సాక్ష్యమును నేను కల్పింపజాలను" అని చెప్పితిని.

ఆమె లోపలికి పోయి ఒక దారపు కట్ట తెచ్చి నా ముందుంచిరి. అన్నగారు అమెరికానుండి పంపిన డబ్బునకు బ్యాంకివారు ఇచ్చిన రసీదులవి. పండ్రెండేండ్లలో ఒక్క నెలయు తప్పలేదు. "మీ విచారణ మీరు చేసితిరి. నా సాక్ష్యము నాకున్నది" అని, బిళ్లను మరల కళ్లజోడు ఒరలో పెట్టి మూసిరి.

ఒక వస్తువు చెప్పగలిగినంత దానిచేత చెప్పించుటయు, అది చెప్పలేనిదానిని దాని నోట పెట్టకుండుటయు, ఈ రెండే పరిశోధన. జూదశాల బిళ్లకైనను, తాతలనాటి దస్తావేజునకైనను, తోటిమనుష్యుని నడవడికైనను ఇదియే న్యాయమని నాకు తోచుచున్నది.

సెలవు.