హోటల్ చదువుకు విదేశం వెళ్తానంటున్న చెల్లికి, తమ్ముడికి



హోటల్ మేనేజ్‌మెంట్, టూరిజం చదవడానికి విదేశం వెళ్తామని ఈమధ్య మన పిల్లలు చాలామంది అడుగుతున్నారు. న్యూజిలాండ్‌లో నేను అదే చదివి వచ్చాను కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పేది మీరు ఎలాగూ వింటారు. వాళ్ళు చెప్పనిది నేను చెప్తాను.

మాది అనంతగిరి మండలంలో రోడ్డు పక్క ఊరు. మా పెద్దమ్మ ఒక రిసార్టులో గదులు ఊడుస్తుంది. మా బావ వెదురు బొంగులో చికెన్ కాల్చి అమ్ముతాడు. శని, ఆదివారాల్లో మా అక్కలు థింసా ఆడుతుంటే వచ్చినవాళ్ళు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసుకుంటారు. టూరిజంలో మనం ఎప్పటినుంచో ఉన్నాం. చీపురు దగ్గర ఉన్నాం, పొయ్యి దగ్గర ఉన్నాం, డప్పు దగ్గర ఉన్నాం. లెక్కల పుస్తకం దగ్గర లేం. ఆ పుస్తకం పట్టుకుందామనే నేను బయల్దేరాను.

అడ్మిషన్ వచ్చింది, ఫీజుకు డబ్బు లేదు. అప్పుడు మైదానం నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. "మీ మెట్ట రోడ్డు పక్కనే ఉంది, లోయంతా కనిపిస్తుంది. 30 ఏళ్ళకు లీజు రాయండి. నాలుగు కాటేజీలు వేసుకుంటాం, అమ్మాయి చదువు ఖర్చు మేం చూసుకుంటాం" అన్నాడు. మంచిగానే మాట్లాడాడు, అమ్మ పెట్టిన టీ తాగాడు. ఒప్పుకోమని నాన్నని బతిమాలింది నేనే. సిగ్గుగా ఉన్నా చెప్తున్నా. నాన్న ఒక్కటే అడిగాడు: "చదువుకొచ్చి హోటల్ ఎక్కడ పెడతావే నువ్వు?"

ఆ లీజు చట్టం ముందు చెల్లదని నాకప్పుడు తెలీదు. 1/70 అని మనం సభల్లో అంటూనే ఉంటాం, కానీ అమ్మకం ఒక్కటే తప్పనుకుంటాం. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి లీజు రాసినా, తాకట్టు పెట్టినా, దానం చేసినా, బినామీ పేరు మీద పెట్టినా అన్నీ బదిలీ కిందికే వస్తాయి, అన్నీ చెల్లవు. 1970 నుంచి ఉన్న మాట ఇది. ఇంకో మాట. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పుట్టింది మా మండలంలోనే, టూరిస్టులు టికెట్ కొని చూసే బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద. ప్రభుత్వం కూడా ఆ చట్టంలో 'వ్యక్తి' కిందికే వస్తుందని, ప్రైవేటు కంపెనీలకు ఆ భూములు లీజుకివ్వడం కుదరదని, గిరిజనుల సహకార సంఘాలకు ఇవ్వొచ్చని కోర్టు చెప్పింది. గనికి వర్తించిన మాట రిసార్టుకి ఎందుకు వర్తించదు అని నేను అడుగుతాను. టూరిజం చదివేవాళ్ళు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. న్యూజిలాండ్‌లో ఏ మాస్టారూ మనకిది చెప్పరు.

నాన్న లీజు రాయలేదు. నేను ఒక ఏడాది ఆగి, ప్రభుత్వ సాయం కొంత, బ్యాంకు అప్పు కొంత పట్టుకుని వెళ్ళాను.

క్లాసులో ఏం చెప్తారంటే, రిసెప్షన్, హౌస్‌కీపింగ్, వంటగది ఖర్చు, సిబ్బంది డ్యూటీలు, గది ధర ఏ రోజు ఎంత పెట్టాలి అనే లెక్క. ఈ చివరిదే అసలు విద్య. చలికాలంలో శనివారం రాత్రి ఒక రేటు, వానాకాలం మంగళవారం ఇంకో రేటు. ఉన్న గదులన్నిటికీ సగటున గదికెంత వచ్చిందో ప్రతి రాత్రీ రాసుకుంటారు. ఆ లెక్క నేర్చుకున్నాక మా పెద్దమ్మ జీతం ఆ రిసార్టుకి ఎన్ని గదుల అద్దెతో సమానమో వేసి చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కానీ నేను ఎక్కువ నేర్చుకుంది క్లాసు బయట, రోటోరువాలో. అక్కడ ఫకారేవరేవా అని మావోరీల ఊరు ఉంది. నేలలోంచి ఆవిరి, వేడినీళ్ళు ఎగజిమ్ముతుంటాయి. ఆ వేడి మీదే వండుకుంటారు, ఆ నీళ్ళలోనే స్నానాలు. టూరిస్టులను తిప్పేది ఆ ఊరివాళ్ళే, వాళ్ళ అమ్మమ్మలూ గైడ్లే. పూర్వం ఆ టూహౌరంగి మనుషులు గులాబి, తెలుపు రంగుల రాతి మెట్లు చూపించి బతికేవాళ్ళు. 1886 జూన్ 10న తరవేరా కొండ పేలి ఆ మెట్లు పోయాయి, ఊళ్ళు పోయాయి. బతికినవాళ్ళు కొందరు ఫకారేవరేవాకి చేరి అక్కడ మళ్ళీ గైడ్లయ్యారు. ఇదంతా సుఖంగా జరిగిన కథనుకోకండి, భూమి కోసం ప్రభుత్వంతో దశాబ్దాలు పేచీ పడ్డారు. పక్కనే ఉన్న మావోరీ కళల సంస్థ ప్రభుత్వం చేతిలోంచి తెగల చేతికి వచ్చింది 2020లో.

ఆ ఊరి గైడ్ ఒకావిడ కథ మీకు తప్పక చెప్పాలి. పేరు మాకెరెటి పాపాకురా, 1873లో పుట్టింది. ఇంగ్లండ్ యువరాజు దంపతులకు 1901లో ఆ ఊరు చూపించింది ఆవిడే. తర్వాత ఇంగ్లండ్ వెళ్ళి, ఆక్స్‌ఫర్డ్‌లో మానవశాస్త్రం చదివి, తన జనం గురించి తనే థీసిస్ రాసింది. సమర్పించడానికి కొద్ది వారాల ముందు, 1930లో చనిపోయింది. అది 1938లో పుస్తకంగా వచ్చింది. డిగ్రీని ఆక్స్‌ఫర్డ్ 2025లో ఇచ్చింది. తొంభై ఐదేళ్ళు! మన సర్టిఫికెట్ ఆలస్యమైతే కలెక్టరాఫీసు చుట్టూ తిరిగేవాళ్ళం, ఇది విని కాస్త నవ్వుకోవచ్చు.

దక్షిణ దీవిలో కైకౌరా అని ఇంకో ఊరు. రైల్వేలో ఉద్యోగాలు పోయి మావోరీ యువకులు ఖాళీగా ఉన్న రోజులు. కొన్ని కుటుంబాలు ఇళ్ళు తాకట్టు పెట్టి, 1987లో పడవ కొని, తిమింగలాలు చూపించే కంపెనీ పెట్టాయి. ఈరోజుకీ అది వాళ్ళదే. వాళ్ళు ఇల్లు పెట్టారు కదా, మనం భూమి పెడితే తప్పేంటి అనొద్దు. వాళ్ళు పెట్టింది వాళ్ళ కంపెనీ కోసం. మా ఇంటికొచ్చినాయన అడిగింది ఆయన కాటేజీల కోసం.

ఇక డబ్బు సంగతి. న్యూజిలాండ్ వీసాకి ఫీజు కాక, ఏడాది బతకడానికి 20,000 న్యూజిలాండ్ డాలర్లు చూపించాలి. చదువుకుంటూ చేసే పని ఒకప్పుడు వారానికి 20 గంటలు, 2025 నవంబరు నుంచి 25. పార్ట్‌టైమ్‌తో ఫీజు వచ్చేస్తుందని ఎవరన్నా అంటే నమ్మొద్దు. నేను మోటెల్లో పక్కలు వేశాను. దాంతో అద్దె, బియ్యం గడిచాయి, అంతే. డిగ్రీ కంటే కింది స్థాయి డిప్లొమాలో చేర్పించాలని ఏజెంట్లు చూస్తారు. ఆ డిప్లొమా అక్కడి కొరత ఉద్యోగాల జాబితాకి సరిపోకపోతే, చదువయ్యాక పనిచేసే వీసా రాదు. కోర్సు పేరు పట్టుకుని ఇమిగ్రేషన్ సైటులో మీరే చూడండి, ఏజెంట్ నోటిమాట వద్దు.

కేంద్ర గిరిజన శాఖ విదేశీ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికే. అదీ పీజీ, పీహెచ్‌డీ, ఆపై పరిశోధనకి, కుటుంబ ఆదాయం 6 లక్షలు దాటకూడదు. ఇంటర్ అయినవాళ్ళకి అది లేదు. అందుకే ఇంటర్ తమ్ముళ్ళకి నా సలహా వేరు: ముందు ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాయండి. కేంద్ర హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో మనకి 7.5 శాతం సీట్లున్నాయి, హైదరాబాద్‌లోనే ఒకటుంది. పరిగడుపున విమానం ఎక్కడం కంటే ఇక్కడ డిగ్రీ చేసి పీజీకి వెళ్ళడం మేలు.

నా సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. నాన్న రాయనన్న ఆ మెట్ట మీద ఇప్పుడు రెండు గదులున్నాయి. మూడోదానికి గోడలు లేచాయి, పైకప్పుకి డబ్బు లేదు. బ్యాంకు అప్పు ఇంకా ఉంది. పెద్దమ్మ రిసార్టు మానేసి రమ్మంటే రాలేదు, "నీ రెండు గదులకి నేనెందుకే" అంది. లెక్క ప్రకారం ఆవిడే కరెక్టు. అతిథి వెళ్ళాక ఆ రోజు లెక్క మాత్రం నేనే రాస్తాను, రాత్రి పూట, లాంతరు పక్కన పెట్టుకుని. మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలిసిందే.

ఇప్పుడు మీరు అడగండి. పాస్‌పోర్టు గురించైనా సరే, పక్క దుప్పటి మూల ఎలా మడవాలన్నా సరే.