ఫోను తెర మీది కాఫీ కొట్టు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల మీద, మెడికల్ రీయింబర్స్‌మెంటు మీద నాకన్నా బాగా మాట్లాడగలవారు ఈ హాలులో చాలామంది ఉన్నారు గనుక కార్యదర్శిగారు నాకు వేరే అంశం ఇచ్చారు. మన ఇళ్లలో పిల్లలు ఇప్పుడు ఫోనులోనే కాఫీ తెప్పిస్తున్నారు. దానికి ‘స్పెషాలిటీ కాఫీ’ అని పేరు. ఆ అమ్మకపు పేజీలు చూసి మనవాళ్లు కొందరు మురిసిపోతున్నారు, ఎక్కువమంది బెదిరిపోతున్నారు. కొత్తగా కొనేవాడితో ఆ పేజీలు ఎలా మాట్లాడుతున్నాయి, అందులో సమాచారమెంత, పొగడ్త ఎంత అన్నదే నేను విన్నవించదలచుకున్న విషయం.

నేను విశాఖపట్నంలో తూనికలు కొలతల శాఖలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయినవాణ్ణి. 1977 నాటి పొట్లాల నిబంధనల కాపీ నా టేబులు సొరుగులో ఎన్నేళ్లున్నదో లెక్కలేదు. పొట్లం చేతికి వస్తే ముందు బొమ్మ చూడను, వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదువుతాను. మా ఆవిడకు ఈ అలవాటంటే విసుగు. ఆ కళ్లతోనే ఈ పేజీలూ చదివాను.

మన రోజుల్లో వీధి చివర కాఫీ పొడి కొట్టు ఉండేది. గింజ మన ఎదుటే వేగేది, మన ఎదుటే మరపట్టేవారు. కొట్టాయన మూడే ప్రశ్నలు అడిగేవాడు: ఎంత కావాలి, పీబెర్రీయా ప్లాంటేషనా, చికోరీ ఎంత వెయ్యమంటారు? సమాధానం తెలియకపోతే “మీ ఇంట్లో పాలు చిక్కగా పోస్తారా అమ్మా?” అని అడిగి ఆయనే సర్దేవాడు. కొత్తవాడికి కాఫీ చెప్పడమంటే అది.

ఇప్పటి పేజీ తెరవండి. ముందు మంచు కమ్మిన కొండ. తరువాత ఎర్రని పళ్లు పట్టుకున్న ఒక గిరిజన స్త్రీ అరచేతులు. ఆ కింద మాటలు: సింగిల్ ఎస్టేట్, వాష్‌డ్, లైట్ రోస్ట్, 86 పాయింట్లు, రుచులు: మల్లెపువ్వు, నారింజ, బెల్లం. యాభై ఏళ్లుగా రోజుకు రెండు పూటలా కాఫీ తాగుతున్న మనిషి ఇది చదివి, నాకు కాఫీ గురించి ఏమీ తెలియదు కాబోలు అనుకుంటాడు. నాకు అభ్యంతరం ఇక్కడే. తెలిసిన వస్తువుకే తెలియని పేరు పెట్టి మనిషిని ఒకటో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టడం అమ్మకానికి మంచి ఉపాయమే గాని మర్యాద కాదు.

ఈ మాటలు విప్పి చూద్దాం. ‘వాష్‌డ్’ అంటే పండు తోలు యంత్రం మీద తీసేసి, గింజ మీది జిగురును పులియబెట్టి కడిగి ఆరబెట్టినది. ఇలా కడిగిన అరబికా గింజనే వర్తకంలో ‘ప్లాంటేషన్’ అంటారు. కొట్టాయన ప్లాంటేషన్ ఎ అన్నది దీన్నే. ‘నేచురల్’ అంటే పండును పండుగానే ఎండబెట్టి తరువాత పొట్టు తీసినది, వర్తకులు దాన్ని ‘చెర్రీ’ అంటారు. మరి ‘హనీ ప్రాసెస్’? తేనె కలిపారేమోనని మన సభ్యురాలొకరు షుగరు వ్యాధి భయంతో నన్ను అడిగారు. తేనె చుక్క కూడా ఉండదమ్మా. తోలు తీసి జిగురు కడగకుండా ఆరబెడతారు, అది తేనెలా అంటుకుంటుంది గనుక ఆ పేరు. పీబెర్రీ మనకు తెలిసిందే, పండులో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రంగా పెరిగినది.

మల్లెపువ్వు, నారింజ అనేవి కలిపిన ఎసెన్సులు కావు. రుచి చూసేవారు ఒకరికొకరు చెప్పుకోవడానికి వాడుకునే పోలికలు. వీటినన్నిటినీ చక్రంలా అమర్చి 1995లో అమెరికాలోని స్పెషాలిటీ కాఫీ సంఘం ఒక పటం వేసింది, 2016లో దాన్ని తిరగరాశారు. అది పనివాళ్ల పరిభాష, మన సెక్షనులో ‘పుట్ అప్’, ‘లై ఓవర్’ అనుకునేవాళ్లం చూడండి, అలాంటిది. దాన్ని తీసుకొచ్చి వివరణ లేకుండా కొత్తవాడి ముందు పెడితే, మల్లెపువ్వు తగలనందుకు అతడు తన నాలుకనే అనుమానిస్తాడు. మా మనవరాలు మొదటి గుక్క తాగి, “తాతయ్యా, నాకు పులుపే తెలుస్తోంది, నారింజ తెలియడం లేదు” అని బిక్కమొహం వేసింది. తక్కువగా వేయించిన గింజలో పులుపు ఉంటుంది, అది వాళ్లకు మెచ్చదగ్గ గుణం. మన ఇళ్లలో పులిసిన కాఫీ అంటే పారబోసే కాఫీ. రెండూ ఎవరి లెక్కలో వారికి సబబే. కాని పాలు, పంచదార వేసుకునేవారికి ఈ లైట్ రోస్టు నప్పదని పేజీలో ఒక్క ముక్క రాస్తే ఆ పిల్లకు ఆ బెంగ ఉండేది కాదు గదా.

ఇక పాయింట్లు. ‘స్పెషాలిటీ కాఫీ’ అన్న మాటను 1974లో అమెరికాలో ఎర్నా నట్‌సెన్ అనే కాఫీ వ్యాపారి వాడుకలోకి తెచ్చారు. చాలా కాలంగా నడుస్తున్న లెక్క ప్రకారం, శిక్షణ పొందినవారు రుచి చూసి 100కి 80 అంతకు మించి మార్కులు వేసిన గింజ స్పెషాలిటీ. ఇందులో మోసమేమీ లేదు. అయితే ఆ మాట ఐ.ఎస్.ఐ. గుర్తులాంటి సర్కారు ముద్ర కాదు. పైగా మార్కులు వేసేది ఒక దఫా పంటలోని గింజకు, మన డబ్బాలో మూడు నెలలుగా ఉన్న పొడికి కాదు. ఎవరు వేశారో, ఏ సంవత్సరపు పంటకో పేజీలో ఉంటే దాన్ని రికార్డు అంటాను. లేకపోతే అది సిఫారసు ఉత్తరం.

చికోరీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఆరోగ్యంతో ముడిపడింది. కొన్ని పేజీలు చికోరీని కల్తీలాగా మాట్లాడతాయి. కాదు. అది వేయించి పొడిచేసిన ఒక వేరు. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత కలిపారో పొట్లం మీద రాయాలి. రాసి అమ్మినది కల్తీ ఎలా అవుతుంది? ఇక పేజీ చెప్పని మాట ఒకటుంది. చికోరీలో కెఫీన్ లేదు. ఇన్నాళ్లూ 60 పాళ్ల కాఫీ, 40 పాళ్ల చికోరీ తాగిన మనిషి, ‘స్వచ్ఛమైన కాఫీ’ అన్న పొగడ్తకు మారి అదే చెంచా కొలతతో వేసుకుంటే లోపలికి పోయే కెఫీన్ ఒక్కసారిగా పెరుగుతుంది. రోబస్టా గింజ అయితే అందులో అరబికాకు రమారమి రెట్టింపు ఉంటుంది. డెబ్భై దాటినవాళ్లం, రాత్రి నిద్ర పట్టకపోతే, గుండె దడగా ఉంటే కారణం ఎక్కడెక్కడో వెతుకుతాం. బి.పి., గుండె మందులు వాడేవారు ఈ మార్పు డాక్టరుగారి చెవిన వెయ్యండి.

తేదీ విషయం మా పాత శాఖది గనుక ఆగలేను. ఇంటర్నెట్‌లో అమ్మే వస్తువుకు తయారీదారు చిరునామా, నికర బరువు, ఎం.ఆర్.పి. వగైరా తెర మీద చూపాలని 2017లో నిబంధన సవరించారు, 2018 జనవరి నుంచి అమలు. అయితే తయారుచేసిన నెల, సంవత్సరం మాత్రం తెర మీద చూపనక్కరలేదని మినహాయించారు. కాఫీకి ఇదే కీలకం. వేయించిన గింజ కొన్ని వారాల వరకు బాగుంటుంది, పొడి ఇంకా త్వరగా వాసన కోల్పోతుంది. మంచి వ్యాపారులు నిబంధన అడగకపోయినా వేయించిన తేదీ తామే వేస్తున్నారు. ఆ తేదీ లేని పేజీలో కొండ ఎంత అందంగా ఉన్నా నేను ముందుకు పోను.

ధర కూడా గుమాస్తా లెక్కలో చూడండి. 250 గ్రాములు 600 రూపాయలనుకుందాం. వాళ్లు చెప్పే పద్ధతిలో కప్పుకు 15 గ్రాములు పడుతుంది. పదహారు కప్పులు, కప్పు ముప్పై ఏడున్నర. హోటలు లెక్కన ఎక్కువ కాదు, ఇంటి లెక్కన తక్కువా కాదు. రోజుకు నాలుగు కప్పుల సంసారానికి నాలుగు రోజుల్లో పొట్లం ఖాళీ. ఎవరి పెన్షను వారికి తెలుసు.

పొడి ఎంత సన్నగా కావాలన్న చోట ఫ్రెంచ్ ప్రెస్, మోకా, ఎస్‌ప్రెస్సో అని జాబితా ఉంటుంది. మన ఇత్తడి ఫిల్టరుకు ‘సౌత్ ఇండియన్ ఫిల్టర్’ అన్నది వెతికి నొక్కాలి. ఏదీ నొక్కకపోతే కొన్నిచోట్ల గింజలే వస్తాయి.

పెన్షనర్లకు ముఖ్యమైన హెచ్చరిక: నెలసరి చందా. మన సభ్యులొకరికి మొదటి పొట్లం సగం ధరకు వచ్చింది. మరుసటి నెల అడగని పొట్లం వచ్చింది, పెన్షను ఖాతాలోంచి పూర్తి ధర పోయింది. పేజీ అడుగున ఒక గడిలో ముందే టిక్కు పెట్టి ఉందట. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ముందే టిక్కు పెట్టిన గడి అంగీకారం కిందికి రాదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. చందా ఉచ్చులను 2023 నవంబరు మార్గదర్శకాల్లో పేరు పెట్టి మరీ నిషేధించారు. వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915. మన సభ్యులకు డబ్బు వెనక్కి వచ్చింది, కాని అడిగితేనే వచ్చింది.

ఇంతసేపూ తప్పులెన్నాను గాని ఈ పేజీల వల్ల ఒక గొప్ప మేలు జరిగింది. మన వీధి కొట్టాయన గింజ ఏ ఊరిదో ఏనాడూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఈ రోజు అరకు పేరు చెప్పి అమ్ముతున్నారు. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖ మన్యంలోను, ఆనుకుని ఉన్న ఒడిశా కొండల్లోను 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున గిరిజన రైతులు పండించే గింజ అది. 2017లో ప్యారిస్‌లో ఆ పేరుతో దుకాణమే తెరిచారు.

ఉద్యోగంలో ఉండగా ఇన్‌స్పెక్టరుగారి వెంట క్యాంపు గుమాస్తాగా పాడేరు వైపు సంతలకు వెళ్లేవాణ్ణి. ఆ ప్రాంతం 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం తీగ. ఎకరం, రెండెకరాల తోటలు. సంతలో ఒక వర్తకుడు ఎండిన కాఫీ పండును కాటాకు బదులు డబ్బాతో కొలుస్తుండేవాడు. డబ్బా అంచు దాటి కుప్ప పోసి, చేత్తో అదిమి, మళ్లీ కుప్ప పోసి, అది ఒక డబ్బా అనేవాడు. అమ్ముకునే ముసలావిడ ఆ చేతికేసే చూస్తూ ఉండేది గాని నోరు మెదిపేది కాదు. ఆ డబ్బా సీజు చేసి పంచనామా రాసింది నేనే. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, ఆ తరువాత వచ్చిన స్వచ్ఛంద సంస్థలు కొనుగోలుకు దిగడం వల్ల రైతుకు వర్తకుడు గాక ఇంకో గుమ్మం ఏర్పడింది.

అందుచేత ఆ అరచేతుల బొమ్మ చూసినప్పుడల్లా నాకు డబ్బా గుర్తొస్తుంది. సుమారు ఆరు కిలోల పండు పడితే కిలో పచ్చిగింజ. వేయిస్తే అందులో మళ్లీ ఆరో వంతో, ఏడో వంతో తరుగు. మనం కొనే పావుకిలో వెనుక దాదాపు కిలో ముప్పావు ఎర్రపండు, ఒక్కొక్కటీ ఏరి కోసినది, ఉంది. ‘రైతుకు న్యాయమైన ధర’ అని పేజీ అంటే, కిలో పండుకు ఎంత ఇచ్చారో అంకె ఉందా అని చూడండి. కొందరు వేస్తున్నారు. వేయనివారికి ఒక ఉత్తరం ముక్క రాయండి, అడగడం మనకు కొత్త కాదు, జీవితమంతా రిమార్కులు రాసినవాళ్లమే.

మరొక మాట. నేను చూసిన పేజీలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పండించిన కొండ మనది, కొనేవారిలో మనమూ ఉన్నాం, ‘వారం రోజుల క్రితం వేయించినది, పాలతో బాగుంటుంది’ అని తెలుగులో రెండు ముక్కలు రాయడానికి ఏమడ్డం?

వచ్చే నెల సమావేశానికి ఇంట్లో ఉన్న కాఫీ పొట్లాలు, ఖాళీవైనా సరే, పట్టుకురండి. భూతద్దం నేను తెస్తాను. పొట్లం వెనుక అక్షరాలు కలిసి చదువుదాం.